చోకు

పనికాగితం మీద ఇంతే ఉంది:
రెండో అంతస్తు, ఏడో గది, ట్యూబులైటు మిణుకుమంటోంది.
మోత సంగతి ఎవరూ రాయలేదు.

స్వాన్సీ దాటి, వానలో కొండెక్కితే ఆ ఆస్పత్రి.
మూడు తలుపులు.
ఒకటి మూసుకుంటే గానీ ఇంకోటి తెరుచుకోదు.
నా స్క్రూడ్రైవర్లు లెక్కపెట్టి రాసుకున్నారు,
పోయేటప్పుడు లెక్క కుదరాలన్నారు.
దారి చూపిన నర్సు నడుముకి తాళాలగుత్తి,
అడుగేస్తే గల్లుమంటుంది.
గల్లుమన్నప్పుడల్లా ఏడో గదిలో ఎవరో
వీపుతో గోడని కొడుతున్నారు.

గెథిన్. ఇరవై మూడేళ్ళు.
పన్నెండు వారాలని చెప్పి తెచ్చారట,
ఇది మూడో చలికాలం.
చెవుల మీద అరచేతులు,
అక్కడ చర్మం గట్టిపడి కాయకాసింది.
నా మొహం చూడలేదు, నిచ్చెన చూశాడు.
"అది పాడుతోంది" అన్నాడు.
"రోజూ ఇదే మాట" అంది నర్సు మెల్లగా,
"లేని శబ్దాలు వింటున్నాడని మందు పెంచారు."
చెడ్డమనిషి కాదు. పన్నెండు గంటల డ్యూటీలో
పదకొండో గంట ఆమెది.

నిచ్చెనెక్కి చెవి ఆనించాను.
పాడుతోంది.

అబద్ధమెందుకు, కింద నిలబడితే నాకూ వినపడలేదు.
ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు మోత తిన్న చెవులు నావి.
దగ్గరికెళితే మాత్రం సన్నగా, ఊపిరి తీసుకోకుండా,
సీసాలో మూతపెట్టిన కందిరీగలా.
పాత చోకు. లోపలి రేకులు వదులైతే అలాగే మూలుగుతుంది.
పనిలో చేరిన కుర్రాడికి మొదటి వారం నేర్పే సంగతి.
ఆ గదికి ఎంతమంది డాక్టర్లొచ్చారో,
నిచ్చెన ఎవరూ తేలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అడిగాను, నర్సుని కాదు.
"నాలుగొందల పన్నెండు రోజులు.
అందులో తొమ్మిది తీసెయ్యాలి.
ఆ తొమ్మిదీ వేరే గది. అక్కడ లైటు పాడదు.
అక్కడ పరుపు నేలకి అతికించి ఉంటుంది."
నర్సు తన బూట్ల వైపు చూసుకుంది.

కొత్త చోకు బిగిస్తుంటే అతని చూపు నా చెవి మీద పడింది.
ఎప్పుడో తీగ తెగి కొట్టిన గాటు, కుడిచెవి కొసన.
"కుడికొస కోత. బ్రిన్ మైన్ వాళ్ళ గొర్రెలకి అదే గుర్తు.
వాళ్ళకింద ఎడమచెవికి రెండు గాట్లు, అది మాది.
మీరు కంచె దాటొచ్చారా?"
"దాటొచ్చాను" అన్నాను.
నవ్వాడో లేదో తెలీదు.

స్విచ్చి వేశాను. తెల్లటి వెలుతురు, చప్పుడు లేదు.
ఒక అరచెయ్యి దిగింది. చాలాసేపటికి రెండోది.
కాసేపు అలా నిలబడి, తలుపు వైపు తల తిప్పి,
"వరండాలో ఇరవై రెండు" అన్నాడు.

నా కాగితంలో ఏడో గదే ఉంది.
ఆ మాట అతనికి చెప్పాను. చెప్పినందుకు
ఇప్పటికీ నాకు నేనే నచ్చను.

ఆఫీసులో సంతకం పెట్టాలి.
'లోపం కనబడిందా' అన్న చోట, కనబడింది.
దానికింద ఖాళీలో రాశాను:
పేషెంటు చెప్పినది నిజం. చోకు మోగేది.
ఆఫీసాయన చదివి, ఇది కరెంటు పనుల ఫైలండీ అన్నాడు,
ఆ ఫైలుకీ ఈ ఫైలుకీ సంబంధముండదు అన్నాడు.
స్క్రూడ్రైవర్లు లెక్క సరిపోయాయి.

బయట కారులో ఒకావిడ, ఒళ్ళో టిఫిన్ డబ్బా,
ములాఖత్ టైము కోసం కాచుకుని ఉంది.
నా వ్యాను మీద రాత చదివి అద్దం దించింది.
"ఏడో గదా? లైటు... నిజంగా?"
నిజమేనమ్మా అన్నాను.
ఏమీ అనలేదు. నుదురు స్టీరింగు మీద వాల్చింది,
హారన్ మోగింది, కొండంతా.

ఇద్దరం ఒక్కసారే ఉలిక్కిపడి
రెండో అంతస్తు కిటికీ వైపు చూశాం.